బెంగాల్ చీలికకు పదేళ్ల ముందు

1947 జూన్ 20న బెంగాల్ శాసనసభ్యులు రెండు జట్లుగా విడిగా కూర్చుని ఓటేశారు. హిందువులు ఎక్కువున్న పశ్చిమ జిల్లాల వాళ్లు 58-21తో విభజన కావాలన్నారు. ముస్లింలు ఎక్కువున్న తూర్పు జిల్లాల వాళ్లు 106-35తో వద్దన్నారు. ఒక్క జట్టు కావాలన్నా చాలని ముందే నియమం పెట్టారు కాబట్టి పని అయిపోయింది. 1905లో వైస్రాయ్ కర్జన్ ఇదే రాష్ట్రాన్ని చీల్చినప్పుడు వందేమాతరం అంటూ వీధికెక్కింది ప్రధానంగా హిందూ భద్రలోకమే, అంటే చదువుకున్న అగ్రకుల వర్గమే. (ఆ వేడి మన రాజమండ్రికీ తగిలింది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చారు.) నలభై ఏళ్లకు ఆ వర్గమే చీల్చమని అడగడానికి మతం ఒక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు.

తూర్పు బెంగాల్లో జమీందార్లు, వడ్డీ వ్యాపారులు ఎక్కువగా హిందువులు. సాగు చేసే రైతులు ఎక్కువగా ముస్లింలు. శిస్తు తగాదా మతం తగాదాగా మారడానికి అంతకన్నా ఏం కావాలి? 1930ల మాంద్యంలో జనపనార ధర కుప్పకూలి అప్పులు పెరిగాయి. పైగా మతాలవారీగా సీట్లు పంచిన 1932 కమ్యూనల్ అవార్డు 250 సీట్ల సభలో ముస్లింలకు 119, ప్రధానంగా హిందువులుండే జనరల్ కింద 80 ఇచ్చింది. గాంధీ, అంబేడ్కర్‌ల మధ్య కుదిరిన పూనా ఒప్పందం తర్వాత ఆ 80లోనూ 30 షెడ్యూల్డ్ కులాలకు వెళ్లాయి. అగ్రకుల హిందువులకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

అయినా 1937 ఎన్నికల్లో వేరే దారి ఉండింది. రైతుల పార్టీ అయిన కృషక్ ప్రజా పార్టీ నాయకుడు ఫజ్లుల్ హక్ అందరికీ పప్పూ అన్నం, జమీందారీ రద్దు అంటూ ఊళ్లు తిరిగారు. పటుయాఖాలీలో ఢాకా నవాబుల కుటుంబానికి చెందిన ముస్లిం లీగ్ నేత ఖ్వాజా నజీముద్దీన్‌నే ఓడించారు. అక్కడ ఎదురుబొదురు నిలిచిన ఇద్దరూ ముస్లింలే, పోటీ నవాబుకీ రైతుకీ. తర్వాత హక్ కాంగ్రెస్‌తో చర్చలు జరిపారు. రాజకీయ ఖైదీల విడుదల ముందా, రైతు చట్టాలు ముందా అన్నచోట అవి తెగిపోయాయి. నా లెక్కలో కాంగ్రెస్ చేసిన పెద్ద పొరపాటు ఇదే. హక్ లీగ్‌తో జతకట్టారు. ఓడిపోయిన నజీముద్దీన్ హోంమంత్రి అయ్యారు.

1940లో ముస్లింలకు విడి రాజ్యాలు కోరిన లాహోర్ తీర్మానాన్ని ప్రవేశపెట్టిందీ హక్కే. మరుసటి ఏడాది హిందూ మహాసభ నేత శ్యామాప్రసాద్ ముఖర్జీతో కలిసి మంత్రివర్గం నడిపిందీ ఆయనే! 1943లో అది పడిపోయింది, కరువొచ్చింది. 1946 ఎన్నికల్లో ముస్లిం సీట్లను లీగ్ ఊడ్చేసింది. ఆగస్టు 16న కలకత్తాలో మొదలైన హిందూ ముస్లిం మారణకాండ వేలమందిని బలిగొంది, అక్టోబరులో తూర్పు బెంగాల్లోని నోఆఖాలీ తగలబడింది.

1947 వేసవిలో శరత్ చంద్ర బోస్, లీగ్ నేత సుహ్రావర్దీ ఉమ్మడి స్వతంత్ర బెంగాల్ ప్రతిపాదన తెచ్చారు. నెహ్రూ, పటేల్ ఒప్పుకోలేదు. కలకత్తా రక్తపాతం నాడు ప్రభుత్వాధినేతగా ఉన్న సుహ్రావర్దీ మాటను నమ్మే హిందువులు అప్పటికి పెద్దగా మిగల్లేదు.