పాలూ చేపలూ: విరుద్ధాహార నియమాల వెనకటి కథ

పాలతో చేపలు తినకూడదని, తేనెలో నెయ్యి కలపకూడదని, భోజనం మధ్యలో నీళ్లు ముట్టకూడదని, పిండిపదార్థాలనూ మాంసకృత్తులనూ ఒకే పూట తినకూడదని చెప్పే నిషేధాలన్నీ ఇప్పుడు ‘ఆయుర్వేదంలో ఉంది’ అన్న ఒక్క మాట కింద చేరిపోయాయి. వీటిలో కొన్ని నిజంగా సంహితల్లో, అంటే ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల్లో, ఉన్నవే. కొన్నింటిలో మూలంలోని షరతు రాలిపోయి నిషేధం మాత్రమే మిగిలింది. ఒకటి అసలు ఈ దేశంలో పుట్టినది కాదు.

విరుద్ధాహారంపై, అంటే ఒకదానికొకటి పడని ఆహారంపై, విస్తృతమైన చర్చ చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో ఉంది. చైత్రరథ వనంలో ఋషులు కూడి రుచులెన్ని అని వాదించుకుంటారు. ఒకటేనని భద్రకాప్యుడు, రెండని శాకుంతేయుడు, లెక్కలేనన్నని కాంకాయనుడు అంటుండగా, ఆరేనని పునర్వసు ఆత్రేయుడు తేలుస్తాడు. చేపల ప్రసక్తి కూడా ఈ అధ్యాయంలోనే వస్తుంది. చిలిచిమ అనే ఒక్క రకాన్ని మినహాయించి మిగిలిన చేపలన్నిటినీ పాలతో తినవచ్చునని భద్రకాప్యుడు అంటే, ఆత్రేయుడు ఒప్పుకోడు. ఏ చేపనూ పాలతో తినవద్దని, చిలిచిమను మరీ తినవద్దని చెప్పి, దాని పొలుసులను, ఎర్రని కళ్లను, ఒంటినిండా ఉన్న ఎర్రని చారలను వర్ణిస్తాడు. ఆయన చూపిన కారణం ఇది: రెండూ తీపి రసం, తీపి విపాకం (జీర్ణమయ్యాక తేలే రుచి) కలవే అయినా పాలు శీతవీర్యం (చలవ చేసేవి), చేప ఉష్ణవీర్యం (వేడి చేసేది), ఈ వైరుధ్యం రక్తాన్ని చెడగొడుతుంది, రెండింటి జిగటగుణం స్రోతస్సులను, అంటే శరీరంలోని నాళాలను, అడ్డుకుంటుంది. ఇంత ప్రసిద్ధమైన నియమం కూడా అభిప్రాయభేదం నుంచి వచ్చిందని, ఎదుటి వాదాన్ని గ్రంథం దాచకుండా నమోదు చేసిందని గమనించడం నాకు ముఖ్యమనిపిస్తుంది.

ఆ అధ్యాయమే విరోధాన్ని పద్దెనిమిది విధాలుగా లెక్కిస్తుంది. కలయిక, అంటే సంయోగం, వాటిలో ఒకటి మాత్రమే; దేశం, కాలం, జఠరాగ్ని (జీర్ణశక్తి), మాత్ర (కొలత), అలవాటు, వండే పద్ధతి వంటివన్నీ మిగిలినవి. తేనె, నెయ్యి విషయం మాత్రకు చెందినది. సమానమైన కొలతలో కలిపితేనే అవి విరుద్ధం. చ్యవనప్రాశలో రెండూ ఉంటాయి, కానీ వేరువేరు పాళ్లలో. ఉసిరి గుజ్జును నేతిలో వేయించి, పాకం పట్టి, దించి, పూర్తిగా చల్లారిన తరువాతనే తేనె కలుపుతారు. తేనెకు వేడి తగలరాదన్న మరో నియమాన్ని కూడా ఆ ఒక్క పాత్ర దగ్గర పాటిస్తున్నారన్నమాట.

నీళ్ల సంగతి ఇంకా స్పష్టం. భోజనానికి ముందు నీళ్లు తాగేవాడు చిక్కిపోతాడని, చివర తాగేవాడు లావెక్కుతాడని, మధ్యలో తాగేవాడు సమంగా ఉంటాడని మరో ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు పానీయానికి కేటాయించి, నాలుగో పాలు వాయువు మొదలైన వాటి కోసం ఖాళీగా ఉంచమని కూడా ఆయన మాటే. భోజనం మధ్యలో నీళ్లు అసలు వద్దనే నేటి ప్రచారానికి ఇది నేరుగా ఎదురు.

పెరుగును రాత్రి తినవద్దన్నది మాత్రం చరకంలో ఉన్నదే.

పిండిపదార్థాలను, మాంసకృత్తులను విడివిడిగా తినాలన్న నియమానిది వేరే దారి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా వైద్యుడు విలియం హోవార్డ్ హే ప్రచారం చేసిన ఆహార పద్ధతి అది. హెర్బర్ట్ షెల్టన్ వంటి ప్రకృతి చికిత్సావాదులు దాన్ని మరింత వ్యాపింపజేశారు. పిండిపదార్థాలు అరగడానికి క్షారం, మాంసకృత్తులు అరగడానికి ఆమ్లం కావాలని, ఆ రెండూ ఒకచోట కలిస్తే జీర్ణం చెడుతుందని హే వాదన. చరకుడు నిత్యం తినదగినవిగా చెప్పిన జాబితాలో వరి అన్నం, పెసలు, పాలు, నెయ్యి, జాంగల మాంసం (మెట్ట ప్రాంతపు జంతువుల మాంసం) పక్కపక్కనే ఉన్నాయి. ఈ రెండు ఆలోచనలూ ఒకదానికొకటి పొసగవు.

చరకుడు చేర్చిన మినహాయింపు నేటి ప్రచారంలో దాదాపుగా వినిపించదు. వ్యాయామం చేసేవారికి, స్నిగ్ధ శరీరులకు (ఒంటికి నూనె, నెయ్యి పట్టినవారికి), జఠరాగ్ని బలంగా ఉన్నవారికి, యువకులకు, బలవంతులకు, ఆ ఆహారం అలవాటైనవారికి, కొద్దిగా తిన్నవారికి విరుద్ధాహారం హాని చేయదని అక్కడే రాసి ఉంది. అలాగే విరుద్ధాహారం వల్ల వచ్చే వ్యాధుల పట్టికలో తెల్లమచ్చలను సూచించే కిలాసం కూడా ఉంది. ఆధునిక వైద్యం ప్రకారం బొల్లి, శరీర రక్షణ వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాలపై తానే దాడి చేయడం వల్ల వచ్చేది. దానికి తిన్న చేప గానీ తాగిన పాలు గానీ కారణమని చర్మవైద్యం చెప్పదు. అయినా బొల్లి వచ్చిన పిల్లను పట్టుకుని ‘ఏం కలిపి తిన్నావు?’ అని ఇంటివారే నిలదీయడం ఇప్పటికీ వింటున్నాం. ఆ ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఆమె చేసిన తప్పేమీ లేదు.