కొత్త ఫైలు తెరిచే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ ఏడు విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి మన వీధి తరఫున పదహారు పేజీల పుస్తకం వేస్తున్నారని, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే మంచిదో చెప్పమని రాశారు. ఇన్‌డిజైన్ దొరికితే అందులో చెయ్యండి. డబ్బులు పెట్టలేమంటే స్క్రైబస్ ఉచితంగా వస్తుంది. ఫోను తప్ప ఇంకేం లేదంటే కాన్వా ఉండనే ఉంది. ఫొటోషాప్‌లో మాత్రం పుస్తకం కట్టకండి, అది ఫొటోలు బాగుచేసుకోడానికి. సాఫ్ట్‌వేర్ గొడవ ఇంతటితో సరి.

అసలు సంగతేటంటే, కొత్త ఫైలు అనగానే ఒక డబ్బా తెరుచుకుంటుంది కదా. కొలత, పేజీలు, మార్జిన్, బ్లీడ్ అంటూ గళ్లు గళ్లుగా ఉంటుంది. అవేవీ చదవకుండా ఓకే కొట్టేసి బొమ్మలు లాగి పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ గళ్లలో ఒక్కోదాని వెనకా ప్రెస్సులో ఒక్కో పని ఉంది. ఒకటి మడతకి, ఒకటి కోతకి, ఒకటి సిరాకి. గంటస్తంభం చుట్టుపక్కల ప్రెస్సుల్లో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని, చేసుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి నాకు ఆ పనులే ముందు కనిపిస్తాయి. కాగితం మీద ఏం జరగబోతోందో తెలిస్తే ఆ గళ్లలో ఏం రాయాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

కంప్యూటరు జోలికి పోకముందే నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి నడిమికి మడవండి. ఏ5 పుస్తకం తయారైంది, పదహారు పేజీలు. పెన్సిల్‌తో నంబర్లు వేసి, మళ్లీ విప్పి చూడండి. 1 పక్కన 16 ఉంటుంది, దాని వెనకాల 2 పక్కన 15. దీన్ని డమ్మీ అంటాం. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే ఎందుకు పెరుగుతాయో, పద్దెనిమిది పేజీలంటే ప్రెస్సాయన ఎందుకు మొహం అదోలా పెడతాడో అప్పుడు మీకే తెలుస్తుంది. ఫైలులో మాత్రం మీరు 1, 2, 3 అని చదివే వరసలోనే పెట్టండి. పక్కపక్కకి పేర్చేది ప్రెస్సు. తెలివిగా మీరే పేర్చి పంపితే వాళ్లు దాన్ని విడదీసుకోలేక తిట్టుకుంటారు.

ఆ డమ్మీలోనే 8, 9 పేజీలు చూడండి. ఎదురెదురు పేజీలు రెండూ ఒకే కాగితం మీద కలిసి ఉండేది అక్కడొక్కచోటే. 6, 7 అలా కాదు, రెండూ వేరువేరు కాగితాలు. సిరిమాను ఫొటో ఎక్కడ పెట్టాలో ఇక వేరే చెప్పాలా? అంత పొడుగు చింతమాను, దాని చివర ఆసనం మీద పూజారి గారు, కింద జనం, వెనక కోట. రెండు పేజీల మీదుగా పరిస్తేనే దానికి అందం. 6, 7 మీద పరిచారనుకోండి, మడతలో కాస్త తేడా వచ్చినా మాను మధ్యకి విరిగినట్టుంటుంది. 8, 9 మీద పెట్టండి. పిన్నులు పడే చోటికి ఎవరి మొహమూ రాకుండా ఫొటోని కొంచెం అటో ఇటో జరపండి.

ఇక కోత. కటింగ్ మిషను పుస్తకాల్ని ఒక్కొక్కటిగా కొయ్యదు, కట్టలు కట్టలుగా కోస్తుంది. కత్తి దిగేటప్పుడు కట్టలో కాగితాలు పిసరంత జరుగుతాయి, ఎంత మంచి మిషనైనా సరే. మీ పసుపు రంగు సరిగ్గా పేజీ అంచు దగ్గరే ఆగిపోతే, జరిగిన కాగితానికి అంచున తెల్లటి చార మిగులుతుంది. అందుకని రంగుని, ఫొటోని అంచు దాటించి బయటికి 3 మిల్లీమీటర్లు పోనివ్వాలి. అదే బ్లీడ్. ఏ5 అంటే 148 బై 210 మిల్లీమీటర్లు, బ్లీడ్‌తో 154 బై 216. కొలత గడిలో 148 బై 210 మాత్రమే రాసి, బ్లీడ్‌ని దాని గడిలో విడిగా 3 అని రాయండి. రెండూ కలిపి 154 అని రాస్తే కోత ఎక్కడో మిషనుకి తెలీదు. లోపలివైపూ ఇదే లెక్క. కత్తి లోపలికి జరిగినా తెగకూడని పేర్లు, మొహాలు అంచుకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. పేజీ చుట్టూ సన్నటి బోర్డరు గీత గీసే సరదా మనవాళ్లకి మహా ఎక్కువ. వద్దు. కోత ఒక మిల్లీమీటరు తప్పినా ఒకవైపు గీత లావుగా, ఇంకోవైపు సన్నగా వంకరపోయినట్టు కనిపించి, మిగతా పనంతా పాడైనట్టే ఉంటుంది.

ఫొటోల దగ్గర లెక్క వేసుకోండి. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 8, 9 పేజీలు బ్లీడ్‌తో కలిపి 302 మిల్లీమీటర్ల అడ్డం, అంటే దాదాపు 12 అంగుళాలు, 3,600 పిక్సెళ్లు. మీ ఫోను 12 మెగాపిక్సెళ్లదైతే అడ్డంగా 4,000 ఇస్తుంది, చాలు. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే అది నొక్కేసి 1,600కి అటూఇటూ చేసేస్తుంది. అప్పుడు అంగుళానికి 135 కూడా నికరంగా మిగలవు, జనం మొహాలన్నీ అలికేసినట్టుంటాయి. ఫొటోలు తెచ్చిచ్చేవాళ్లకి ముందే చెప్పండి, డాక్యుమెంట్‌గా పంపమని. సాఫ్ట్‌వేర్‌లో అంగుళానికి ఇన్ని పిక్సెళ్లు అనే గడిలో 72ని చెరిపి 300 అని రాస్తే ఫొటో బాగుపడిపోదు. లేని పిక్సెళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

రంగుల దగ్గర ఆశ తగ్గించుకోండి. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, దాని పద్ధతి ఆర్‌జీబీ. ప్రెస్సులో ఉండేవి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు, అదే సీఎంవైకే. ఫైలు మొదట్లోనే సీఎంవైకే పెట్టుకుంటే ఏ రంగు అచ్చులో చస్తుందో ముందే కనిపిస్తుంది. మన అదృష్టం కొద్దీ పండగ రంగులైన పసుపు, కుంకుమ అచ్చులో బాగానే పలుకుతాయి. చచ్చేవి మెరిసే చిలకపచ్చ, ఫోన్లో ధగధగలాడే నీలం. మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని మామూలు తెల్ల కాగితమైతే సిరాని పీల్చేసుకుని రంగు ఇంకాస్త దిగుతుంది. నున్నగా పూత పూసిన ఆర్ట్ పేపరు మీద సిరా పైనే నిలుస్తుంది. కాగితం ఏదో ముందే తేల్చుకుని రంగులు ఎంచుకోండి.

నలుపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. నాలుగు సిరాలకీ నాలుగు ప్లేట్లు, అంటే అచ్చు రేకులు. కాగితం వాటి కింద నుంచి ఒకదాని తర్వాత ఒకటి పోతుంది కాబట్టి వెంట్రుకవాసి తేడా ఎప్పుడైనా రావచ్చు. ఫొటోలో అది ఎవరికీ కనిపించదు. చిన్న అక్షరాలు నాలుగు సిరాలతో పడితే మాత్రం ప్రతి అక్షరానికీ ఎర్రగానో నీలంగానో నీడ వస్తుంది. తెలుగుకి ఇది మరీ చేటు. తలకట్టులోని సందు, ‘క్ర’లో సుడి, ‘ష’లో పొట్ట అన్నీ పూడుకుపోతాయి. మ్యాటర్, అంటే చదివే రాత అంతటికీ నలుపు ఒక్కటే 100, మిగతా మూడూ సున్నా పెట్టండి. రంగుల పట్టీలో రిజిస్ట్రేషన్ అని ఇంకో నల్లరంగు ఉంటుంది. చూడ్డానికి నలుపే, పడేది నాలుగు ప్లేట్ల మీద. అది కోత గుర్తులకి, అంటే ఎక్కడ కొయ్యాలో చూపే మూల గీతలకి, అక్షరాలకి కాదు.

తెలుగు మ్యాటర్ దగ్గరే అసలు ఓపిక కావాలి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లో మనం కొట్టే మామూలు తెలుగు, పెట్టగానే ఒత్తులు విడిపోయి పక్కన పడితే కంగారుపడకండి. పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే అవే సర్దుకుంటాయి. స్క్రైబస్ అయితే 1.5 వరస నుంచి తెలుగుని సరిగ్గా చూపిస్తుంది. ఎవరైనా పెద్దాయన వ్యాసం పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించి ఇస్తే, దాన్ని నేరుగా కాపీ చేస్తే చెత్త వస్తుంది, ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. మార్చాక ప్రతి ఒత్తూ మనిషి కళ్లతో చదవాలి, మిషన్ని నమ్మకండి.

లైన్ల మధ్య దూరం సాఫ్ట్‌వేర్‌కి వదిలెయ్యకండి. ఇన్‌డిజైన్ దానంతటది 12 పాయింట్ల అక్షరానికి 14.4 ఇస్తుంది. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. మనకి పైన గుడి, కింద ఒత్తు ఉన్నాయి కదా. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ ఒక లైనులో పడి, కింది లైనులో సరిగ్గా అక్కడే ‘కీర్తి’ వస్తే, పై ఒత్తు కింది గుడిలో దిగబడిపోతుంది. 17, 18 ఇచ్చి చూడండి. ఫాంటుని బట్టి అదీ మారుతుంది, అందుకే ఒక పేజీ ప్రింటు తీసి చేత్తో పట్టుకుని చదవండి, తెర మీద 200 శాతం పెద్దది చేసుకుని కాదు. మ్యాటర్‌కి మండలి, హెడ్డింగులకి గిడుగు ఫాంటు నాకు నచ్చుతాయి. రెండూ గూగుల్‌లో ఉచితంగానే ఉన్నాయి.

అంతా అయ్యాక పీడీఎఫ్ చెయ్యండి. ఓపెన్ ఫైలు, అంటే మీరు పని చేసిన అసలు ఫైలు, ఒక్కటే పంపితే ప్రెస్సు కంప్యూటర్లో మీ ఫాంటు ఉండక అక్షరాలు డబ్బాలైపోతాయి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే వెళ్తుంది. ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు కోత గుర్తులకి, బ్లీడ్‌కి టిక్కులు పెట్టాలి. ఫైలులో 3 రాసి ఇక్కడ టిక్కు మర్చిపోతే ఆ కష్టమంతా బూడిదలో పోసినట్టే. కాన్వాలో అయితే పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకోండి. సీఎంవైకే అందులో డబ్బు కట్టినవాళ్లకే ఇస్తారు, లేకపోతే ఆ మార్పు ప్రెస్సువాళ్లనే చెయ్యమనండి.

సిరిమాను దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ప్రెస్సులన్నిటికీ అప్పుడే పీకలమీద పని. తప్పులు చూసుకోడానికి ప్రెస్సు ముందుగా తీసే నకలు, అదే ప్రూఫ్, ఇచ్చినప్పుడు వ్యాసాల కంటే ముందు చందాలిచ్చినవాళ్ల పేర్ల పేజీ చదవండి. వ్యాసంలో తప్పు ఎవరూ పట్టించుకోరు గానీ, ఇంటిపేరు ఒక్కటి తప్పు పడితే మిమ్మల్ని ఏడాది పొడుగునా అడుగుతారు.

మీ పెదతాత