ట్యాంకు పక్కనపెట్టి కారు స్టార్ట్ చేయడం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మా షెడ్డుకు ఏళ్ల తరబడి వేపచెట్టు కింద నిలిచిపోయిన కార్లు వస్తుంటాయి. ట్యాంకు తుప్పుపట్టి, అడుగున పాత పెట్రోలు జిగురులా మారి ఉంటుంది. "ముందు ఇంజన్ బతికుందో లేదో చూడన్నా, ట్యాంకు ఖర్చు తర్వాత" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. బయటి నుంచి పెట్రోలు ఇచ్చి చూడొచ్చు. కానీ ఈ పని గురించి జనంలో తిరిగే మాటలు కొన్ని ఒళ్లు కాల్చేవి.

అపోహ: పెట్రోలు సీసా బానెట్ మీద వేలాడదీస్తే ఏ కారైనా స్టార్ట్ అవుతుంది.

వాస్తవం: అంబాసిడర్, పద్మిని, తొలినాటి మారుతి 800 లాంటి కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం) బండ్లకే అది పనికొస్తుంది. మీటరు ఎత్తులో కట్టిన క్యాన్ నుంచి వచ్చే ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ. కార్బొరేటర్ నిండడానికి అది సరిపోతుంది. ఎంపీఎఫ్ఐ ఇంజన్‌కు, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే కొత్తరకం ఇంజన్‌కు, సుమారు 3 బార్ (దాదాపు 43 పీఎస్ఐ) కావాలి. ఎత్తుతోనే అంత ఒత్తిడి రావాలంటే క్యాన్‌ను 40 మీటర్ల సెల్ టవర్ కొనకు కట్టాలి! కాబట్టి పంపు తప్పదు. చాలా కొత్త బండ్లలో ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ కూడా ట్యాంకులోని పంపుతోనే ఉంటుంది. బయటి పంపు పెడితే రెగ్యులేటర్, అక్కడి నుంచి మిగులు పెట్రోలు క్యాన్‌లోకి తిరిగొచ్చే పైపు కూడా పెట్టాలి. ఇంజెక్షన్‌కు తగిన ఫ్యూయల్ హోజ్, గట్టి క్లిప్పులే వాడాలి. మేస్త్రీలు మట్టం చూసే ప్లాస్టిక్ లెవల్ పైపు ఆ ఒత్తిడికి ఊడిపోతుంది.

అపోహ: కార్బొరేటర్ నోట్లో కొంచెం పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే చాలు.

వాస్తవం: నేను హెల్పర్‌గా ఉన్న రోజుల్లో మా ఉస్తాద్ ఇలాగే పోస్తుంటే ఇంజన్ బ్యాక్‌ఫైర్ అయింది. మంట పైకి లేచి చేతిలోని సీసాకు అంటుకుంది. ఆయన భయంతో సీసా విసిరేశాడు, కిందపడ్డ పెట్రోలు కూడా అంటుకుంది. ఎవరో బకెట్‌తో నీళ్లు కొట్టారు. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది కదా, మంట నీళ్లతో పాటే షెడ్డంతా పాకింది. చివరికి ఇసుక పోసి ఆర్పాం. ఉస్తాద్ కుడిచేయి మానడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి నా పక్కన మంటలార్పే పౌడర్ సిలిండర్ లేకుండా పెట్రోలు పైపు ముట్టను.

అపోహ: నోటితో పీల్చి పెట్రోలు తీస్తే ఏమీ కాదు.

వాస్తవం: గుక్కెడు ఊపిరితిత్తుల్లోకి జారినా ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, అప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పెట్రోలు తోడే చిన్న చేతిపంపు ఉండగా నోరెందుకు?

అపోహ: విప్పిన ఖాళీ ట్యాంకుతో భయం లేదు.

వాస్తవం: నిండు ట్యాంకు కన్నా అదే ప్రమాదం, లోపలంతా ఆవిరే. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి సర్వీసింగ్ గుంతలో నిలుస్తుంది. మన ఎండలకు ఇంకా ఎక్కువ పుడుతుంది. అందుకే ఈ పని ఆరుబయట చేయాలి. క్యాన్ ఇంజన్ వేడికి, బ్యాటరీకి దూరంగా ఉండాలి.

డీజిల్‌కైతే క్యాన్‌తో పాటు రిటర్న్ పైపూ పెట్టి, ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) కొట్టి పైపుల్లోని గాలి తీయాలి. చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ పైపు నట్టు ఎన్నడూ వదులు చేయొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది.

అపోహ: స్టార్ట్ అయింది కదా, క్యాన్ సీటు దగ్గర పెట్టుకొని ఊరికి తోలుకుపోవచ్చు.

వాస్తవం: ఇంజన్ చప్పుడు, ఆయిల్ ప్రెజర్, పొగ చూడటానికి రెండు మూడు నిమిషాలు చాలు. మొన్న దేవరకొండ వైపు నుంచి వచ్చిన తాత బతిమాలినా నేను ఒప్పుకోలేదు. కారును ట్రాలీ ఎక్కించి పంపాను.