క్విల్ట్ వెనకాల ఎవరెవరి పేర్లు రాయాలి? హ్యూస్టన్ పిల్లలకి తాతయ్య ఉత్తరం

చిన్నీ, బన్నీ,

మీ వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి ఒక్క ముక్క అర్థం కాలేదు, మీ నాయనమ్మ పక్కన కూర్చుని మళ్ళీ పెట్టించి ఎవరేమంటున్నారో విడదీసి చెప్పింది. మొత్తానికి గొడవ ఇదన్నమాట: తమ్ముడి కోసం అమ్మ కుడుతున్న క్విల్ట్, అంటే మీ అమెరికా బొంత, అయిపోయింది, వెనకాల కింది మూల లేబుల్ కుట్టాలి, దాని మీద అమ్మ పేరొక్కటి చాలని చిన్ని, డబ్బులు తీసుకుని పొరలు కలిపి కుట్టిచ్చిన మెషిన్ ఆంటీ పేరు కూడా ఉండాల్సిందేనని బన్ని, "ఆవిడకి డబ్బులిచ్చేశాం కదా తాతయ్యా, ఇంకా పేరెందుకు" అని మళ్ళీ చిన్ని. మంచి గొడవే పెట్టుకున్నారు. మీ వయసులో మేం గోలీల కోసం కొట్టుకునేవాళ్ళం.

తీర్పు తర్వాత చెప్తా గానీ ముందు వంటింట్లోకి వెళ్ళండి. పై అరలో పప్పుల డబ్బాలు ఉంటాయి చూడండి, అమ్మ పెళ్ళికి వచ్చిన స్టీలు డబ్బాలు, ఇక్కణ్ణుంచి సూట్‌కేసులో బట్టల మధ్య దూర్చుకుని పట్టుకెళ్ళినవి. ఒకటి దింపించుకుని అంచు కింద వేలితో తడమండి, గరుగ్గా తగుల్తుంది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు అవి. గిన్నె కొన్నాక షాపాయన "పేరు వేయించాలాండీ" అంటాడు, ఊఁ అంటే షాపు కుర్రాడు కరెంటు పెన్ను లాంటిది తీసి గిర్రుమని రెండు నిమిషాల్లో కొట్టేస్తాడు: ఫలానా దంపతుల కానుక, ఫలానా తారీకు. అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా కందిపప్పు డబ్బా ఎవరిచ్చారో, మినప్పప్పు డబ్బా ఎవరిచ్చారో మీ అమ్మ ఠక్కున చెప్పేస్తుంది. వాళ్ళలో సగం మంది మొహాలు గుర్తుండవు, పేర్లు మాత్రం డబ్బాల మీద ఉన్నాయి.

మా చిన్నప్పుడు ఈ పేర్లకి ఇంకా పెద్ద పనే ఉండేది. తెనాలి దగ్గర మా ఊళ్ళో పెళ్ళంటే కేటరింగులు లేవు, గంగాళాలు, డేగిసాలు, బిందెలు, గ్లాసులు అన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చేవాళ్ళు. భోజనాలయ్యాక అవన్నీ బావి దగ్గర కుప్ప పోసి తోమితే, ఏది ఎవరిదో ఏరి ఎవరింటికి వాళ్ళకి చేర్చే పని పిల్లలది. నాకు గొలుసుకట్టు రాత చదవడం వచ్చింది బళ్ళో కాదు, ఆ బావిగట్టు మీదే. అయితే కొందరు పొదుపుగా రెండక్షరాలే కొట్టించేవాళ్ళు. ఒక ఇత్తడి బిందె మీద "కో. ల." అని ఉండేది, ఆ రెండక్షరాలూ కుదిరే ఇళ్ళు ఊళ్ళో రెండున్నాయి, ఇద్దరూ మాదంటే మాదని, ఆ బిందె ఒక ఎండాకాలమంతా పంచాయితీలో ఉండిపోయింది, ఎవరూ వాడకుండా. మధ్యలో దాంట్లో పిల్లి ఈనిందని కూడా చెప్పుకున్నారు, అది మాత్రం నేను చూళ్ళేదు.

కాబట్టి లేబుల్ సంగతిలో నా మొదటి మాట, పొడి అక్షరాలు వద్దు. "మేడ్ బై మామ్", "విత్ లవ్ గ్రాండ్‌మా" అనీ వద్దు. అరవై ఏళ్ళ తర్వాత ఆ క్విల్ట్ ఎవరి చేతికో వెళ్తుంది, మామ్ అంటే ఎవరి మామ్, గ్రాండ్‌మా అంటే ఏ గ్రాండ్‌మా? పూర్తి పేరు రాయండి, అమ్మదైతే పుట్టింటి ఇంటిపేరు కూడా కలిపి. పెళ్ళితో ఆడవాళ్ళ ఇంటిపేర్లు మారిపోతాయి కదా, పాత రోజుల్లో మీ అమెరికాలో అయితే కాయితాల మీద మిసెస్ అని పెట్టి మొగుడి పేరు రాసేసేవాళ్ళు, కుట్టిన మనిషి పేరు ఎక్కడా కనబడదు. 1981లో కెంటకీ రాష్ట్రంలో కొందరు పాత క్విల్టులన్నీ పట్టుకురండి, రాసి పెడతాం అని మొదలుపెట్టారు, తర్వాత మిగతా రాష్ట్రాల వాళ్ళూ అందుకున్నారు. జనం అటకల మీంచి, పెట్టెల్లోంచి తెచ్చిన వాటిలో చాలావాటికి అసలు పేరే లేదు. ముత్తవ్వ కుట్టిందట అంటారు, ఏ ముత్తవ్వ అంటే నీళ్ళు నములుతారు.

ఇప్పుడు మళ్ళీ స్టీలు గిన్నె దగ్గరికి వద్దాం, నేను దాన్ని అంత తొందరగా వదలను. గిన్నె మీద ఉన్నది ఎవరి పేరు? ఇచ్చినవాళ్ళది. తీసుకున్నవాళ్ళ పేరు కొన్నిసార్లు ఉంటుంది. మరి రేకు నొక్కి గిన్నె చేసినవాడిది? లేదు. ఆ కరెంటు పెన్ను పట్టుకున్న కుర్రాడు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఊరందరి పేర్లూ కొడతాడు, తన పేరు ఒక్క గరిట మీద కూడా కొట్టుకోడు. చిన్నీ, నువ్వు అడిగింది అచ్చంగా ఇదే. డబ్బులిచ్చాం కదా అని.

మీ తమ్ముడి క్విల్ట్ ఎన్ని చేతులు మారిందో అమ్మని అడిగి నేను రాసుకున్నా. పై పొరకి బట్ట మీ నాయనమ్మ పంపిన మంగళగిరి నూలు చీరలు, మెత్తబడిపోయినవి, జరీ అంచు కోసేసి. డిజైన్ అమ్మది కాదు, ఎవరో డిజైనర్ అమ్మే ప్యాటర్న్ కొనుక్కుంది. ముక్కలు కోసి కలిపి కుట్టింది అమ్మ. పై పొర, మధ్యలో దూది, కింద పొర, మూడూ కలిపి కుట్టింది మెషిన్ ఆంటీ. ఆ లాంగార్మ్ మెషిన్ నేను వీడియోలో చూశా, మంచమంత ఫ్రేముకి బట్ట చుట్టి ఉంటుంది, బట్ట కదలదు, మెషినే పట్టాల మీద అటూ ఇటూ పోతుంది, ఆవిడ రెండు పిడులూ పట్టుకుని గాల్లో ముగ్గేసినట్టు నడిపిస్తోంది. చుక్క పెట్టకుండా మెలికల ముగ్గు! తర్వాత చుట్టూ బైండింగ్, అదే అంచు పట్టీ, పక్కింటి అమ్మమ్మగారు నేర్పితే చిన్ని చేత్తో కుట్టింది. దారప్పోగులు ఏరింది బన్ని. ఇవన్నీ అయ్యాక "మేడ్ బై" అని ఒక్క పేరు రాస్తే ఆ అక్షరాలకే సిగ్గేస్తుంది.

అందుకని నా తీర్పు బన్ని వైపు. క్విల్టుల పోటీల్లో కూడా ముక్కలు కలిపి కుట్టిందెవరు, పొరలు క్విల్ట్ చేసిందెవరు, ప్యాటర్న్ ఎవరిది అని విడివిడిగా అడుగుతారు, ఇద్దరు చేసినవాటికి వేరే విభాగాలే పెడతారు. డబ్బులిస్తే క్విల్ట్ మనదవుతుంది, ఆ మెలికలు మాత్రం ఆవిడ చేతివే కదా. నీ చేతి బైండింగ్ సంగతి ఆలోచించుకో చిన్నీ, దానికి నీకు అమ్మ పది డాలర్లిచ్చి నీ పేరు తీసేస్తానంటే ఒప్పుకుంటావా?

చీరలిచ్చిన నాయనమ్మ పేరు కూడా రాయాలా అని బన్ని అడిగాడు చూడు, ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. కుట్టలేదు కదా మరి. అలబామాలో జీస్ బెండ్ అని ఒక చిన్న ఊరుంది, నల్లవాళ్ళ ఊరు, అక్కడి ఆడవాళ్ళు కుట్టిన క్విల్టులు 2002లో మీ హ్యూస్టన్ మ్యూజియంలోనే మొదట ప్రదర్శనకి పెట్టారు, 2006లో పోస్టల్ స్టాంపుల మీదకి కూడా ఎక్కాయి. ఆ ఊరి క్విల్టుల్లో మిసౌరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టినదొకటి ఉంది. భర్త పోయాక ఆయన పొలానికి వేసుకెళ్ళిన బట్టలు విప్పి ముక్కలు చేసి కుట్టిందట. ఫోటో వెతికి చూడండి, వెలిసిపోయిన నీలాలూ బూడిద రంగులూ. అందులో బట్ట కథ చెప్పకపోతే సగం క్విల్ట్ చెప్పనట్టే. నాయనమ్మ చీరలు కూడా అంతే, రాయండి. మన ఇళ్ళల్లో పాత బొంతలకి లేబుళ్ళు ఎవరు పెట్టారు గానీ, కప్పుకుని పడుకుంటే ఇది అమ్మ చీర, ఇది పిన్ని పరికిణీ, ఇది తాత ధోవతి అని వేలుపెట్టి చూపించేవాళ్ళం. కుట్టడానికొచ్చే ఆవిణ్ణి మాత్రం ఊరంతా బొంతలావిడే అనేవాళ్ళు, మా అమ్మ ఆవిడకి కూలి కింద బియ్యం కొలిచేది.

పేరు ఎలా నిలబడుతుందో ఒక కథ చెప్తా, ఇది నిజంగా జరిగింది. హారియెట్ పవర్స్ అని 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన మనిషి. బానిసత్వం పోయాక బైబిలు కథలు 11 బొమ్మలుగా కత్తిరించి అతికి ఒక క్విల్ట్ కుట్టి, 1886లో ఏథెన్స్ ఊళ్ళో పత్తి సంతలో పెట్టింది. జెన్నీ స్మిత్ అనే డ్రాయింగ్ టీచరమ్మ చూసి అమ్ముతావా అంటే అమ్మనంది. కొన్నేళ్ళకి చేతిలో డబ్బుల్లేక తనే తీసుకొచ్చి పది డాలర్లడిగింది, టీచరమ్మ దగ్గర అయిదే ఉన్నాయి, దానికే ఇచ్చింది. ఇచ్చేముందు మాత్రం ఒక్కో బొమ్మా చూపించి ఇది ఫలానా, ఇది ఫలానా అని చెప్పింది, టీచరమ్మ రాసి పెట్టుకుంది. తర్వాత కూడా తన క్విల్ట్ చూసుకోడానికి వచ్చి వెళ్తుండేదట, బిడ్డని చూడ్డానికొచ్చినట్టు. ఇప్పుడది వాషింగ్టన్లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆవిడదే ఇంకోటి బోస్టన్ మ్యూజియంలో ఉంది, దాంట్లో ఒక బొమ్మ 1833 నవంబర్ రాత్రి ఆకాశంలోంచి చుక్కలు వానలా రాలిన సంగతి. ఆ రాత్రికి ఆవిడ ఇంకా పుట్టనేలేదు! ఎవరో పెద్దవాళ్ళు చెప్పగా విని, బట్టతో ఆ చుక్కలన్నీ కుట్టింది. ఆవిడ కుట్టినవి ఇంకెన్నున్నాయో ఏమో, గట్టిగా ఆవిడవే అని చెప్పగలిగినవి ఈ రెండే. ఆ రోజు టీచరమ్మ పెన్ను తీయకపోతే ఏమయ్యుండేదో నేను చెప్పలేను, మీరే ఆలోచించండి.

మన వైపు కూడా ఇలా ఒక పేరు నిలబెట్టినాయన ఉన్నాడు. పోచంపల్లి చీరల డిజైన్ రావాలంటే ముందు ఆసు పోయాలి, అంటే నూలుని మేకుల చుట్టూ చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, ఆడవాళ్ళ భుజాలు పడిపోయేవి. చింతకింది మల్లేశం అనే ఆయన వాళ్ళమ్మ పడే బాధ చూడలేక 1999లో దానికి మెషిన్ కనిపెట్టాడు, దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు, యంత్రం మీద పేరు మాత్రం లక్ష్మమ్మదే.

మరీ ఎక్కువ పేర్లయితే ఎలా అంటారేమో. గీత ఎక్కడో గియ్యాలి, నిజమే. చీరల పార్సిల్ కొరియర్ ఆఫీసుకి మోసింది నేను, ఆటో డబ్బులూ నావే, అయినా నా పేరు అక్కర్లేదు (మీ నాయనమ్మ ఇది చదివి నవ్వుతోంది). దారప్పోగులు ఏరిన బన్ని పేరు మాత్రం ఉండొచ్చు, తమ్ముడు పెద్దయ్యాక బన్నిని ఏడిపించడానికైనా పనికొస్తుంది.

ఇంక చేసే పద్ధతి. తెల్ల నూలు గుడ్డ ముక్క తీసుకోండి, అరచేయంత. రాసేటప్పుడు పెన్ను బట్టకి పట్టి లాగకుండా, వెనకాల ఫ్రీజర్ పేపర్ (ఒక వైపు ప్లాస్టిక్ పూత ఉండే కాయితం) నున్నటి వైపు ఆనించి ఇస్త్రీ చేస్తే గుడ్డ అట్టలా నిలబడుతుంది. మామూలు బాల్‌పెన్ను వద్దు, పిగ్మెంట్ ఇంకు పెన్నుతో రాయండి, రాశాక ఇస్త్రీ పెట్టె వేడి తగలనివ్వండి. ముందు చిత్తుగుడ్డ మీద రాసి ఉతికి చూసుకోండి. ఊరు, సంవత్సరం, ఎవరి కోసం, ఎవరెవరు ఏం చేశారు, ఎలా ఉతకాలి. అంచులు మడిచి వెనక పొరకి మాత్రమే పట్టేలా చిన్న కుట్లు, ముందు వైపు ఒక్క పోగు కనబడకూడదు, ఆ పని చిన్నిది. కొందరు క్విల్ట్ చెయ్యకముందే లేబుల్ కుట్టేసి మెషిన్ కుట్లు దాని మీంచి కూడా పోయేలా చేస్తారు, ఎవరైనా ఎత్తుకెళ్ళినా ఊడపీకలేరని. మీది అయిపోయింది కాబట్టి ఈసారికి ఇంతే.

ఇంకోటి, వెనక పొరకి షాపులో కొన్న అచ్చు గుడ్డ అంచు ముక్కలు చెత్తబుట్టలో ఉంటాయి, తీసి చూడండి. డిజైనర్ పేరు, కంపెనీ పేరు, వాడిన రంగులన్నిటికీ గుండ్రటి చుక్కలు అచ్చేసి ఉంటాయి. ఆ ముక్క కత్తిరించి లేబుల్ పక్కన కుట్టేస్తే రాసే బాధ తప్పుతుంది. నాయనమ్మ చీర అంచు మీద అలాంటిదేం ఉండదు, గుంట మగ్గం మీద కూర్చుని నేసినవాళ్ళెవరో ఇక ఎవరూ చెప్పలేరు. మంగళగిరి నేత అని రాయండి, ఊరి పేరైనా ఉంటుంది.

దసరా దీపావళి రోజుల్లో మీ ఊళ్ళో జార్జ్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్లో పెద్ద క్విల్ట్ ఫెస్టివల్ పెడతారు కదా, నాన్న పార్కింగ్ గొడవ అని సణిగినా వినకుండా లాక్కెళ్ళండి. అక్కడ క్విల్టులు మీరు ముట్టుకోకూడదు, తెల్ల గ్లవుజులు వేసుకున్న వాలంటీర్ ఆంటీలుంటారు, మర్యాదగా అడిగితే మూల పట్టుకుని తిప్పి వెనక వైపు చూపిస్తారు. అదే అడగండి. ముందు వైపు ఫోటోలు అందరూ పెడతారు, నాకు వెనకవి పంపండి.

నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ నన్నడగొద్దు, ఆవిడకే ఫోన్ చెయ్యండి. నేను రాసింది ఆవిడెప్పుడూ ఒప్పుకోలేదు.

ఉంటాను,
తాతయ్య