కాకిబంగారం నుంచి కంటిముందు తెర దాకా

నెల్లూరు వైపు సైదాపురం, రాపూరు ప్రాంతాలలో తిరిగినవారికి కాకిబంగారం, అంటే అభ్రకం, కొత్త కాదు. గనుల పక్కన పోసిన దిబ్బలలో అభ్రకపు పెళ్ళలు ఎండకు తళతళలాడుతుంటాయి. గోటితో విప్పితే కాగితంకంటే పల్చని రేకులు ఊడివస్తాయి. మెటాసర్ఫేస్ అనే కొత్త రకం ఉపరితలం గురించి చెప్పుకునే ముందు ఈ రేకును చూడాలి. కాంతిశాస్త్రంలో దీనికి పాత పరిచయమే ఉంది. అందులో ఒక దిశలో కంపించే కాంతి, దానికి లంబంగా కంపించే కాంతికంటే కొద్దిగా వెనకబడుతుంది. సుమారు 0.03 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు సోడియం దీపపు పసుపు కాంతిలో ఈ తేడాను పావు తరంగానికి తెస్తుంది. మందం పెరిగితే తేడా పెరుగుతుంది. కళ్ళద్దాల కటకం పనిచేసేదీ ఇలాగే: గాజు మందంగా ఉన్న చోట కాంతి ఎక్కువగా, పల్చగా ఉన్న చోట తక్కువగా ఆలస్యం కావడం వల్లనే కిరణాలు వంగుతాయి.

మెటాసర్ఫేస్, అంటే కాంతిని మలచే అతి సన్నని నిర్మాణాలు పరిచిన ఉపరితలం, ఈ మందం లెక్కను పక్కన పెడుతుంది. కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు). అంతకంటే సన్నని స్తంభాలను గాజు మీద వరసగా నిలిపితే, ఒక్కొక్క స్తంభం తన వెడల్పును బట్టి కాంతిని ఒక్కో మేరకు ఆలస్యం చేస్తుంది. ఎత్తు అన్నిటికీ ఒకటే. హార్వర్డ్‌లో ఫెడెరికో కపాసో బృందం 2011లో ఇలాంటి ఉపరితలంతో కాంతిని కోరిన వైపు మళ్ళించి చూపింది. 2016లో 600 నానోమీటర్ల ఎత్తున్న టైటానియం డయాక్సైడ్ స్తంభాలతో, కంటికి కనిపించే కాంతికి పనికివచ్చే చదునైన కటకాన్ని తయారుచేసింది.

తెరల విషయంలో ఇంతకంటే ఆసక్తికరమైన పని 2020లో జరిగింది. స్టాన్‌ఫర్డ్‌లోని మార్క్ బ్రాంగర్స్‌మా బృందం, సామ్‌సంగ్ పరిశోధకులు కలిసి, పల్చని సౌరఫలకాల కోసం ఆలోచించిన ఎలక్ట్రోడ్ (కరెంటును అందించే పొర) నిర్మాణాన్ని ఓఎల్ఈడీ తెరలోకి, అంటే కరెంటు పారితే తానే వెలిగే సేంద్రియ పదార్థపు తెరలోకి, తెచ్చారు. తెల్లని కాంతినిచ్చే ఓఎల్ఈడీ టీవీలలో రంగు కోసం వడపోత పొరలు వాడతారు. ఎరుపు వడపోత ఆకుపచ్చను, నీలాన్ని మింగేస్తుంది కనుక పుట్టిన కాంతిలో చాలా భాగం తెరలోనే వృథా అవుతుంది. కొత్త పద్ధతిలో తెల్లని కాంతినిచ్చే పొర తెరంతటా ఒకే మందంతో పరుచుకుని ఉంటుంది. దాని అడుగున ఉన్న వెండి అద్దం మీద మాత్రం నానో స్తంభాలు ఉంటాయి; ఇక్కడ మెటాసర్ఫేస్ ఈ అద్దమే. పై ఎలక్ట్రోడ్‌కూ ఈ అద్దానికీ మధ్య కాంతి అటూ ఇటూ పరావర్తనం చెందుతుంటే, స్తంభాల పరిమాణాన్నీ ఎడాన్నీ బట్టి ఒక చోట ఎరుపు, మరొక చోట ఆకుపచ్చ, ఇంకొక చోట నీలం బలపడి బయటికి వస్తాయి. రంగును నిర్ణయించేది పదార్థం కాదు, అద్దం ఆకృతి. ఇలా అంగుళానికి 10,000కు మించిన పిక్సెళ్ళు సాధ్యమని, వడపోత పద్ధతికంటే కాంతి సామర్థ్యం రెట్టింపు అవుతుందని వారు చూపారు.

చేతిలోని ఫోనుకు ఇది దండగ. అంగుళానికి 400, 500 పిక్సెళ్ళున్న తెరలోనే చుక్కలు మనకు విడివిడిగా కనిపించవు. కంటికి ఆనుకుని ఉండే కళ్ళజోడు తెర సంగతి వేరు. మంచి చూపు ఒక డిగ్రీలో దాదాపు 60 పిక్సెళ్ళను విడదీసి గుర్తిస్తుంది. వంద డిగ్రీల వెడల్పున దృశ్యం పరవాలంటే 6,000 పిక్సెళ్ళు కావాలి. అవన్నీ అంగుళం తెరలో ఇమడాలంటే నేటి ఫోను తెరకు పది రెట్లకు మించిన సాంద్రత అవసరం. మెటాసర్ఫేస్ అక్కరకు వచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం.

చిక్కులు లేకపోలేదు. ఒక రంగుకు కుదిరిన స్తంభాల అమరిక మరో రంగును వేరే చోట కేంద్రీకరిస్తుంది కనుక, చదునైన కటకంలో మూడు రంగులనూ ఒకే చోటికి చేర్చడం కష్టం. తయారీ అంతకంటే కష్టం: ప్రయోగశాలలో ఎలక్ట్రాన్ పుంజంతో ఒక్కొక్క గీతా గీసే పద్ధతి చాలా నెమ్మదైనది. అందుకే మెత్తని రెజిన్ మీద అచ్చు వేసినట్లు ఒక్కసారిగా ఒత్తే నానో ముద్రణ మీద, చిప్పుల కర్మాగారాలలో కాంతితో నమూనాను ముద్రించే లితోగ్రఫీ మీద ఇప్పుడు దృష్టి మళ్ళింది. అభ్రకాన్ని ప్రకృతే పొరలుగా పేర్చింది గనుక మనకు గోరు సరిపోయింది. ఈ స్తంభాలను మాత్రం ప్రతి ఒక్కటీ కొలత తప్పకుండా నిలబెట్టాలి.