సొంత ఫోనులో సొంత ప్రోగ్రామ్‌కు అనుమతి ఎందుకు?

1982 నాటి బ్రిటన్‌లో, ఇంట్లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ మీట వేస్తే ముందు చిన్న కూత వినిపించేది. తెర మీద ‘బీబీసీ కంప్యూటర్ 32కె’, దాని కింద ‘బేసిక్’ అని అందులోని ప్రోగ్రామింగ్ భాష పేరు, ఆ కింద ఒక బాణం గుర్తు, పక్కనే మినుకుమనే గీత. అంతే. ఏం చేయాలో చెప్పాల్సింది ముందు కూర్చున్నవారే. పదేళ్ల పిల్ల ‘10 ప్రింట్’ అంటూ తన పేరు, ‘20 గోటూ 10’ అని మరో వరుస కొట్టి ‘రన్’ అంటే తెర నిండా ఆ పేరే పరుగెత్తేది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బీబీసీ తన కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమం కోసం ఏకార్న్ సంస్థ చేత చేయించిన యంత్రమిది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పాఠశాలల్లో కంప్యూటర్ నేర్పేందుకు 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలోని పాఠశాలలకూ వచ్చింది.

కంపెనీ ఒప్పుకున్న ప్రోగ్రాములే నడవాలన్న తాళం మొదట పడింది ఆటల యంత్రాలకు. 1983లో నాసిరకం ఆటలు వెల్లువెత్తి అమెరికాలో ఆ వ్యాపారమే కుప్పకూలింది. ఆ అనుభవం తర్వాత జపాన్ కంపెనీ నింటెండో 1985లో అక్కడ విడుదల చేసిన ఎన్ఈఎస్ అనే ఆటల యంత్రంలో కాపలా చిప్ పెట్టింది. ఆట ఉండే కార్ట్రిడ్జి అనే డబ్బాలో దాని జోడీ చిప్ లేకపోతే ఆట నడవదు. క్రమంగా పిల్లల గదుల్లో బేసిక్ యంత్రాల చోటును ఇలాంటివే ఆక్రమించాయి. 2000ల మధ్యకల్లా కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌కు దరఖాస్తులు తగ్గాయి. వచ్చిన విద్యార్థులకూ ముందుగా ప్రోగ్రాములు రాసిన అలవాటు అంతగా లేదని అక్కడ పనిచేసిన ఎబెన్ అప్టన్ గమనించారు.

అంతలో తాళం ఫోనుకూ వచ్చింది. 2008 జులైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచింది. ఏడాదికి 99 డాలర్లు కట్టి, కంపెనీ పరిశీలన దాటితేనే అందులో చోటు. 2010 ఏప్రిల్‌లో జరిగింది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పిల్లల కోసం అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం చేసిన ప్రోగ్రామింగ్ భాష స్క్రాచ్. రంగుల దిమ్మలు పేర్చి పిల్లి బొమ్మను నడిపించవచ్చు. అలా పిల్లలు చేసినవాటిని ఐఫోన్‌లో చూపించే యాప్‌ను ఆపిల్ తీసేసింది. యాప్ లోపల మరో భాషను నడిపించకూడదన్న నిబంధనే అడ్డు. బ్యాంకు లావాదేవీలు జరిగే ఫోనుకు కాపలా కావాలి, కాదనను. కానీ పిల్లి బొమ్మ గంతుల వల్ల ఎవరి డబ్బు పోతుంది? ఆ నిబంధనను సెప్టెంబరులో సడలించారు.

అప్టన్ బృందం 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను అమ్మకానికి పెట్టింది. ధర 35 డాలర్లు. పైన పెట్టె కూడా లేని పచ్చని బోర్డు. ఆ రోజు కొనేవారి తాకిడికి అమ్మకందారుల వెబ్‌సైట్లు నిలిచిపోయాయి. మెమరీ కార్డు దూర్చి ఇంట్లో టీవీకి తగిలిస్తే నల్లని తెర మీద అక్షరాలు గబగబా పైకి పోయి, చివరికి ఒక వరుస దగ్గర ఆగేవి. పక్కన మళ్లీ ఆ మినుకుమనే గుర్తు.