విల్లుకి పట్టిన చెమట

కాకినాడలో ఉండే మా మేనల్లుడికి విల్లులు చేయడం పిచ్చి. మొన్న శ్రావణంలో, ముసురు పట్టిన రోజే చూసుకుని, రెండు నెలలు చెక్కి ఉప్పుకాగితంతో రుద్దిన విల్లుకి స్ప్రే గన్‌తో లక్కర్ (కొయ్యకి మెరుపునిచ్చే పూత) కొట్టాడు. ఐదు నిమిషాల్లో దాని మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర! "మామయ్యా, లక్కర్ డూప్లికేటా?" అని ఫోన్. వెనక నుంచి మా అక్క గొంతు: "వీధి అరుగు మీద వద్దురా అంటే విన్నావా, దిష్టి తగిలింది."

లక్కర్ మంచిదే. ఆ తెలుపంతా గాలిలోంచి దిగిన నీటి పని. ఎలా దిగిందో మంచినీళ్ల కుండ చెబుతుంది. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ, దానికి కావలసిన వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. (బడిలో దీన్ని ఒక మార్కు ప్రశ్న చేసి వదిలేస్తారు. పిల్లల చేతి మీద స్పిరిట్ చుక్క వేసి ఊదమంటే జన్మలో మరిచిపోరు.)

లక్కర్‌లో నీటి బదులు దాన్ని పలచన చేసే థిన్నర్ ఉంటుంది. అందులో కలిసే అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, గాలి తగిలితే చాలు ఎగిరిపోతుంది. పైగా స్ప్రే గన్ ఒక బొట్టును వెయ్యి బొట్లు చేసిందనుకోండి, గాలికి తగిలే పైభాగం పది రెట్లు పెరుగుతుంది. విల్లు కూడా కుండలాగే చల్లబడుతుంది, కాకపోతే క్షణాల్లో. 30 డిగ్రీల రోజున గాలిలో తేమ 80 శాతం ఉంటే, సుమారు 26 డిగ్రీలకే ఆ తేమ నీరుగా దిగుతుంది. అంటే నాలుగు డిగ్రీలు తగ్గితే చాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు విల్లుకి చెమట పడుతుంది. తేమ 40 శాతమే ఉంటే 15 డిగ్రీల దాకా దిగాలి.

ఆ నీరు తగలగానే థిన్నర్‌లో కరిగి ఉన్న నైట్రోసెల్యులోజ్, అంటే ఆరాక పొరగా మిగిలే పదార్థం, పాలు విరిగినట్టు విరుగుతుంది. ఆ సన్నటి రేణువులకీ, నీటి బొట్లకీ రంగు లేదు. పటికబెల్లం పలుకు అద్దంలా ఉన్నా దాని పొడి తెల్లగా ఉన్నట్టే, ఇవీ వెలుతురును నలువైపులా చెదరగొట్టి తెల్లగా కనిపిస్తాయి.

గోకక్కర్లేదన్నాను. ఎండ కాసిన రోజున రిటార్డర్ కలిపిన థిన్నర్‌ని పలచగా కొడితే పొర మళ్లీ కరుగుతుంది. రిటార్డర్ నిదానంగా ఆరుతుంది కాబట్టి నీరు ముందు పోతుంది. పొయ్యి ఉన్న చోట మాత్రం వద్దు, థిన్నర్ ఆవిరి భగ్గుమంటుంది.

కుర్చీకైతే కథ ఇక్కడితో సరి. విల్లు వంగాలి. 14 మిల్లీమీటర్ల మందం ఉన్న కొయ్య 70 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వంగితే వెలుపలి ముఖం ఒక శాతం సాగుతుంది. దానితో పాటు లక్కరూ సాగాలి. మందంగా కొట్టిన పొర సన్నటి గీతల్లా పగిలి, ఆ సందుల్లోంచి తేమ కొయ్యలోకి పోతుంది. ఓడల తెరచాప కొయ్యల కోసం పుట్టిన స్పార్ వార్నిష్ ఇక్కడ నయం, దానికి సాగే గుణం ఎక్కువ.

ఆదివారం ఎండకి వాడు మళ్లీ కొట్టి ఫోటో పంపాడు. పట్టు దగ్గర వేలెడు తెల్లమచ్చ ఇంకా ఉంది.

"అక్కడ తోలు చుట్టేస్తాలే మామయ్యా" అన్నాడు.